తూర్పు కనుమల్లో నాలుక పుడక

మేరుశిఖరం జూనియర్ కాలేజీ చిత్తూరు బ్రాంచిలో నేను తెలుగు లెక్చరర్ని. పేరు ఉమాపతి. మా కాలేజీలో తెలుగు తీసుకున్న పిల్లలు ఒక్కరూ లేరు. సంస్కృతమైతే మార్కులు రాలతాయని అందరిచేతా అదే తీయిస్తారు. మరి నన్నెందుకు పెట్టుకున్నారంటే, ఎవరైనా తనిఖీకి వచ్చి తెలుగు లెక్చరర్ ఏడీ అని అడిగితే చూపించడానికి. చూపించే పని ఎప్పుడో గాని పడదు కాబట్టి, మిగతా రోజుల్లో నేను ఊరికే కూర్చుని జీతం తింటున్నానని యాజమాన్యానికి కడుపుమంట. అందుకని నన్ను క్రమశిక్షణ ఇన్‌చార్జిని చేశారు. ఆడపిల్లల జడల్లో పూలు తీయించడం, మగపిల్లల గడ్డాలు గీయించడం, తల్లిదండ్రులకు సర్క్యులర్లు తెలుగులో రాయడం నా పని. భాషాసేవ అంటే ఇదేనని సర్దుకుపోయాను.

మా సెక్షన్లకు ఏ, బీ అని పేర్లుండవు. అట్లా పెడితే వెనకబడిన పిల్లల మనసు నొచ్చుకుంటుందని మా డీన్ పానకాలరావు గారు కొండల పేర్లు పెట్టించారు. మంచి ర్యాంకుల వాళ్లది ఎవరెస్టు. దాని కింద కాంచనగంగ. మార్కులు తగ్గేకొద్దీ కొండల ఎత్తు కూడా తగ్గుకుంటూ వచ్చి అట్టడుగున తూర్పు కనుమలు. ఎవరెస్టులో ఏసీ ఉంటుంది. కనుమల్లో ఫ్యాను ఉంటుంది, తిరుగుతుందని ఎవరూ మాటివ్వలేదు. ఏ సెక్షనమ్మా అని అడిగితే ఆ పిల్లలు తలొంచుకుని కనుమలు సార్ అంటారు. మనసు నొచ్చుకోకుండా ఎంత చక్కటి ఏర్పాటో చూడండి.

జోషిత ఈ కనుమల పిల్ల. సీనియర్ ఇంటర్, హాస్టల్లో ఉంటుంది. సొంతూరు బంగారుపాళ్యం. వాళ్ల నాయన మునిశేఖర్‌కి అక్కడ హైవే పక్కన టైర్ల అంగడి. ఇంటర్ గట్టెక్కి బెంగుళూరులో నగల డిజైన్ చదవాలని ఆ పిల్ల ఆశ. దసరాకి ఇంటికి పోయినప్పుడు, వేలూరులో చదివే పిన్నమ్మ కూతురితో బజారుకు పోయి నాలుక కుట్టించుకుని వచ్చింది. నాలుక నడుమ చిన్న ఎర్రరాయి పుడక. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ కనిపించదు. మా కాలేజీలో పిల్లలకు నోరు తెరిచే పని ఎట్లాగూ పడదు కాబట్టి హాయిగా గడిచిపోయేదే. ఆవలింత కొంప ముంచింది.

మా దగ్గర చీకటితోనే విజిల్ వేసి పిల్లల్ని లేపుతారు. రాత్రి బాగా పొద్దుపోయేదాకా చదివిస్తారు. మధ్యలో ఎవరెవరు ఎంత ఆవలిస్తున్నారో కెమెరాల్లో చూసి లెక్కగట్టడానికి సుధీంద్ర అనే ఆయన ఉన్నాడు. ఆయన్ని అకడమిక్ అనలిటిక్స్ హెడ్ అంటారు. ఎక్కువ ఆవలించినవాళ్ల పేర్లు మెస్ దగ్గర బోర్డెక్కుతాయి. ఆ రోజు జోషిత నిండుగా, తీరిగ్గా ఒక ఆవలింత తీసింది. తెర మీద ఎర్రగా ఏదో మెరిసింది. సుధీంద్ర బొమ్మను పెద్దది చేసి చూసి, బ్లూటూత్ అని తేల్చాడు. నోట్లో యంత్రం పెట్టుకుని కాపీ కొడుతున్నారన్న మాట నిమిషాల్లో కాలేజీ అంతా పాకింది.

డీన్ గారు మెటల్ డిటెక్టర్ తెప్పించారు. అది పిల్ల నోటి దగ్గర పెట్టగానే కీ అని మోగింది. యంత్రం కాదని, పుడకేనని తేలేసరికి అందరికీ కాస్త నిరాశ కలిగింది. కాపీ అయితే ఏం చేయాలో రూలుంది. దీనికి లేదు. నియమావళి మూడుసార్లు తిరగేశాం. చెవి ఉంది, ముక్కు ఉంది, మెడ, చెయ్యి, కాలి పట్టీ, నడుము గొలుసు కూడా ఉంది. నాలుక లేదు.

డీన్ గారిది గుంటూరు వైపు. ఎంత చిన్న సంగతైనా సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. పిల్లను ఎదురుగా నిలబెట్టి, ఎందుకు పెట్టించుకున్నావని అడిగారు.

"బాగుంటాదని సార్," అంది జోషిత.

"బాగుంటుంది అనేది రీజన్ కాదమ్మా. అది ఒపీనియన్. రీజన్ చెప్పు. ప్రేమ వ్యవహారమా, డిప్రెషనా, రీల్సా?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, ఎదిరించాలని కాదు. మళ్లీ బాగుంటాదనే చెప్పింది. తీసెయ్యమన్నారు. తీస్తే రంధ్రం పూడిపోతుంది సార్, వద్దు అంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తలుపు దాకా వచ్చాక మెల్లగా నేనే అడిగాను, అంత పట్టుదల దేనికే తల్లీ అని. విజిల్ వాళ్లది, సెక్షను వాళ్లది, జడలు వాళ్లు చెప్పినట్టు, నాకు నచ్చి చేసుకున్నది ఇదొక్కటే సార్ అంది. నా ఉద్యోగంలో నాకు నచ్చి చేసినదేమిటా అని వెతుక్కుంటూ స్టాఫ్ రూముకు పోయాను.

మర్నాడు వాళ్ల నాయనా, అవ్వా వచ్చారు. అవ్వ పేరు దొరసానమ్మ. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం జాతర మైకు. వస్తూనే మనవరాలి గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసింది. తిట్లు మొదలవుతాయని మేమంతా సర్దుకుని కూర్చున్నాం.

"ఏ సామికి మొక్కుకొని కుట్టిచ్చుకున్నావే?" అని అడిగింది.

ఏ సామికీ లేదవ్వా అంది పిల్ల. అప్పుడు వచ్చింది ముసలామెకు కోపం. మునిశేఖర్‌కి చిన్నప్పుడు విషజ్వరం వస్తే తను గంగమ్మకు మొక్కుకుని, జాతరలో నాలుకకు వెండి శూలం గుచ్చుకుని ఊరంతా తిరిగానని, ఆ మచ్చ ఇప్పటికీ ఉందని, మాకందరికీ నాలుక చాపి చూపించింది. సామి కోసం గుచ్చుకున్న నాలుకను సోకుకోసం కుట్టించుకుంటావా అని మనవరాలిని కడిగేసింది. డీన్ గారి కళ్లు మాత్రం వెలిగాయి. నియమావళిలో పదిహేడో నిబంధన ఒకటుంది. మాల వేసుకున్నవాళ్లు, గుండు చేయించుకున్నవాళ్లు, మొక్కు ఉన్నవాళ్లు రూల్సు నుంచి మినహాయింపు. కుర్చీలో ముందుకు జరిగి, ఇది మొక్కే అని ఒక్క మాట అంటే యాజమాన్యం సానుభూతితో పరిశీలిస్తుందని సెలవిచ్చారు.

ముసలామె ఆయన్ని కిందినుంచి పైకి చూసింది. "గంగమ్మ పేరు జెప్పి అబద్దమాడమంటావా నాయనా. పాప తప్పు జేసింది, నేను పాపం జేయాలా?"

దాంతో మినహాయింపు మార్గం మూసుకుపోయింది. టీసీ ఇచ్చి పంపేస్తే బ్రాంచి సంఖ్య తగ్గుతుంది, డీన్ గారి టార్గెట్ దెబ్బతింటుంది. అందుకని మధ్యేమార్గం ఆలోచించారు. పుడక తీసేదాకా హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ లేకపోతే పరీక్ష లేదు, ఏడాది గోవిందా, బెంగుళూరూ గోవిందా. ఈలోగా ఆ నాలుక చూసి మిగతా పిల్లలు చెడిపోకుండా జోషితను సిక్ రూములో విడిగా ఉంచుతారు. మునిశేఖర్ ఆ పెద్దమాటలన్నీ విని, కూతురి వైపు చూసి, తీసేయి పాపా అన్నాడు. పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది గాని తీయలేదు.

ఆ మర్నాటి నుంచి గేటు దగ్గర నాలుక పరేడ్ మొదలైంది. పొద్దున్నే పిల్లలంతా వరసలో నిలబడి నాలుకలు చాపడం, సెక్యూరిటీ గార్డు టార్చి వేసి చూసి పొమ్మనడం. ఈ గార్డు పేరు గోవిందస్వామి, మిలిటరీలో చేసొచ్చాడట, నాలుక చాపని వాణ్ణి దేవుడొచ్చి చెప్పినా లోపలికి వదలడు. పుల్ల ఐసు తిన్న నీలం నాలుకలు, జ్వరం నాలుకలు, గుట్కా నాలుకలు అన్నీ బయటపడ్డాయి. పుడక మాత్రం ఒక్కటీ దొరకలేదు. దొరకలేదంటే తనిఖీ గట్టిగా జరుగుతున్నట్టే కదా అని డీన్ గారు సంతోషించి, లెక్చరర్లు కూడా చాపాలన్నారు. మొదటి రోజే కెమిస్ట్రీ సీనియర్ ఫ్యాకల్టీ దగ్గర ఖైనీ దొరికింది. ఆయన ఎవరెస్టుకు చెబుతాడు కాబట్టి దాన్ని మందుగా నమోదు చేశారు. నేనూ చాపాను. ఎమ్మేలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న మనిషిని, గోవిందస్వామి ముందు నాలుక చాపి నిలబడితే, పళ్లు సరిగా తోముకోండి సార్ అన్నాడు.

సిక్ రూములో జోషితకు కాపలా నేనే. ఆ గదిలో ఒక ఇనుప మంచం, ఒక ఫ్యాను, ఒక కిటికీ. రోగులుండే గది కాబట్టి అక్కడ విజిల్ వినిపించకుండా కట్టారు. జోషిత మొదటి రోజంతా నిద్రపోయింది. రెండో రోజూ నిద్రపోయింది. నేను కంగారుపడి వార్డెన్‌ను పిలిస్తే, ఆమె వచ్చి చెయ్యి పట్టుకు చూసి, ఏం లేదు, కరువు తీరుతోంది అని పోయింది. ఆ తరవాత ఆ పిల్ల రాత్రి భోంచేసి పడుకోవడం, తెల్లారాక లేవడం, లేచి కిటికీ దగ్గర కూర్చుని తన మానాన తను చదువుకోవడం, మధ్యలో రఫ్ నోట్సు మీద జుంకీల బొమ్మలు వేసుకోవడం. చెంపల మీదికి రంగొచ్చింది. ఒకరోజు లెక్క చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి నవ్వింది. ఏమ్మా అంటే, ఇది ఇంత సులువని తెలీదు సార్ అంది. లెక్క చేస్తూ నవ్విన పిల్లను మా కాలేజీలో నేను అంతకుముందు చూడలేదు.

వారాంతపు పరీక్షలో బ్రాంచి ఫస్టు జోషిత.

ఎవరెస్టు మొత్తం కిందపడ్డట్టయింది. కాపీయే అన్నారు. డీన్ గారు తన గదిలో, తన ఎదురుగా, తనే ఎంచిన ప్రశ్నలతో మళ్లీ రాయించారు. మళ్లీ ఫస్టే. అప్పుడు యాజమాన్యం దీర్ఘాలోచనలో పడింది. సుధీంద్ర తెర పెట్టి, రంగురంగుల గీతలు వేసి, ఈ విద్యార్థిని విషయంలో మారిన పారామీటర్ ఏమిటి అని అందరినీ ప్రశ్నించి, ఎవరూ పలకకుండానే పుడక అని తనే జవాబు చెప్పాడు. గీత దసరా దాకా నేలమీద పాకింది, దసరా తరవాత నిక్కింది. దసరాకి కుట్టించుకుంది. ఇంక సందేహమేముంది.

సాక్ష్యంగా ఒక మూల నిలబెట్టిన జోషిత చెయ్యెత్తింది. "సార్, నేను నిద్రపోయినాను. అంతే సార్."

స్లీప్ అనేది మన మోడల్లో నెగెటివ్ ఇన్‌పుట్ అమ్మా అన్నాడు సుధీంద్ర, జాలిగా. నిద్ర పెరిగితే మార్కులు తగ్గాలి, పెరిగాయి అంటే ఆ నష్టాన్ని కూడా పూడ్చేంత శక్తి పుడకలో ఉందన్నమాట. గదిలో చప్పట్లు మోగాయి. నేను ఉండబట్టలేక, పిల్ల నిజంగానే నిద్రపోతోందండీ, నేను కళ్లారా చూశాను అన్నాను. డీన్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "మాస్టారూ, మీరు సాహిత్యం మనిషి. సైన్సు విషయాల్లో ఎమోషనల్ అవ్వకండి," అన్నారు. ఒళ్లు మండదూ మరి. కానీ జీతం వచ్చే రోజు దగ్గర్లో ఉంది.

హైదరాబాదు నుంచి చైర్మన్ గారు ఫోన్లో ఒకటే అడిగారట, ఈ సంగతి పక్క కాలేజీవాళ్లకు తెలుసా అని. తెలియదనగానే పథకం పుట్టింది. దానికి ప్రాచీన ఆధారం కావాలన్నారు. సంస్కృతం మాస్టారు మధ్యాహ్నం భోజనానికి లేచేలోపే శ్లోకం పట్టుకొచ్చారు. నాలుక కింద సరస్వతీ నాడి ఉందని, దాన్ని లోహంతో స్పృశిస్తే మేధ మేలుకుంటుందని దాని తాత్పర్యమట. ఏ గ్రంథంలోదండీ అని అడిగాను. దొరికిందిగా, ఇంకేం కావాలి అన్నారాయన. పథకానికి జిహ్వా వికాసం అని పేరుపెట్టి, సర్క్యులర్ నాచేతే రాయించారు. మొన్న నాలుక పుడక వికృత సంస్కృతి అని రాసిన చేత్తోనే, నేడు మన పూర్వుల విజ్ఞానమని రాశాను. రెండిట్లోనూ నా తెలుగు బాగుందని మెచ్చుకున్నారు.

ఆర్టీసీ బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ వెలిసింది. ఒక ఆటో అంత జోషిత నాలుక, దాని మీద టమాటా అంత ఎర్రరాయి. తల్లిదండ్రులు ఎగబడ్డారు. కొందరైనా వద్దంటారేమో అనుకున్నాను గాని ఒక్కరూ కాదనలేదు. చెవులు కుట్టించలేదా, నాలుకైతే ఏం అన్నారు. ఒకాయన తన కొడుక్కి రెండు వేయించమన్నాడు, ఒకటి ఇంజనీరింగు ఎంట్రన్సుకు, ఒకటి ఇంటర్‌కు. ఇంకొకామె మా బాబుకు ఎడమవైపు వేయండి, లెక్కలు వీక్ అంది. ఎవరెస్టుకు బంగారు పూత పుడకలు, కాంచనగంగకు వెండివి, తూర్పు కనుమలకు స్టీలువి. కింది సెక్షన్ల మనసు నొచ్చుకోకుండా అన్నిటికీ ఒకే సైజు రాయి.

కుట్టించుకున్న పిల్లల నాలుకలు వాచాయి. రెండు వారాలు కాలేజీ అంతా మూగబోయింది. క్లాసులో ఎవరూ మాట్లాడటం లేదని డీన్ గారు వరండాలో నిలబడి ఆ నిశ్శబ్దాన్ని విని మురిసిపోయారు. డిసిప్లిన్ అంటే ఇదండీ మాస్టారూ అన్నారు నాతో. మెస్సులో ఎవరూ నమలలేకపోతే రాగి సంగటి పెట్టించారు, అదెట్లాగూ మింగేదే కదా అని. సందేహాలు అడిగేవాళ్లు లేకపోవడంతో సిలబస్ గడువుకు ముందే అయిపోయింది. ఆ ఘనతా పుడక ఖాతాలోకే పోయింది.

ఈ హడావిడిలో జోషితను ఎవరెస్టెక్కించారు. పథకానికి ఆదిమూలం కదా, కనుమల్లో ఉంచితే బాగుండదన్నారు. మళ్లీ చీకట్లో విజిల్, మళ్లీ పొద్దుపోయేదాకా చదువు. అది చాలక తిరుపతి బ్రాంచికి, మదనపల్లి బ్రాంచికి తీసుకుపోయి స్టేజీ మీద నోరు తెరిపించేవారు. వారం తిరిగేసరికి చెంపల మీది రంగు పోయింది. మార్కులు జారాయి. రాయి వదులయిందేమో అని సుధీంద్ర భూతద్దం తెచ్చి చూశాడు.

అంతలో అనుకోనిది జరిగింది. ఒక పొద్దున పరేడ్‌లో గోవిందస్వామి టార్చి జోషిత నాలుక మీద ఆగిపోయింది. ఇప్పుడు రూలు తిరగబడింది కదా, పుడక ఉన్నవాళ్లనే లోపలికి వదలాలి. జోషిత నాలుక మీద ఏమీ లేదు.

మళ్లీ అదే గది, అదే కుర్చీ, డీన్ గారికి అదే కోపం. ఎందుకు తీసేశావని అడిగారు.

"బాగలేదని సార్. అందరికీ ఉండాది కదా. అందరికీ ఉన్నెంక అది నాదెట్లయితాది సార్?"

డీన్ గారికి ఆ మాట బొత్తిగా అర్థం కాలేదు. అర్థం కాని మాటకు ఆయన దగ్గర ఒకటే జవాబు. పుడక పెట్టుకునేదాకా హాల్ టికెట్ లేదు. ఫ్లెక్సీ మీద నీ నాలుకే ఉంది, నీ నాలుకే ఖాళీగా ఉంటే సంస్థ పరువేం కావాలన్నారు. పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. మిగతా పిల్లలకు హాల్ టికెట్లు పంచేశారు. జోషితది డీన్ గారి సొరుగులో ఉంది. నేను ఆ నోటీసు టైపు చేయించాను. పాత నోటీసులో పుడక ఉన్నందున అన్నచోట లేనందున అని మార్చాను, మిగతాదంతా అట్లాగే సరిపోయింది. అదెంత సిగ్గుగా అనిపించిందో చెప్పలేను. ఆ పిల్ల ఆ కాగితం చదువుకుని, మొన్నటిదే కదా సార్ ఇది అంది. అవునమ్మా అన్నాను. నవ్వుతుందేమో అనుకున్నాను గాని ఏడ్చింది. నాకు పుడకొద్దు సార్, పరీక్ష రాయనిస్తే చాలు అంది. వాళ్ల ఇంటికి ఫోన్ చేయమని నేనే చెప్పాను.

దొరసానమ్మ పొద్దున్నే మొదటి బస్సులో వచ్చింది. ఈసారి కొడుకు వెంట లేడు. వచ్చినామె కాలేజీలోకి రాలేదు. మనవరాలిని ఒక్క గంట పంపమని గేటు దగ్గర అడిగి, ఇద్దరూ ఎక్కడికో పోయి, నుదుటి నిండా కుంకుమతో తిరిగొచ్చారు. నేరుగా డీన్ గారి గదికి వచ్చి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది ముసలామె.

"పాప గంగమ్మకి మొక్కుకొనింది సార్. పరీచ్చలు అయిపొయ్యేదాకా నాలిక మింద ఇసుమంత ఇనుము గూడా పెట్టుకోనని. ఇప్పుడే, తల్లి ముందర నిలబడి, నా ఎదరే మొక్కుకొనింది. ఇది అబద్దం గాదు. పదిహేడో రూలు ఉండాదంటివే, మొక్కు ఉన్నోళ్లకి. అది దియ్యి."

పుస్తకం తీశాం. నిబంధన అక్కడే ఉంది. మొక్కు అంటే ఏదైనా పెట్టుకునే మొక్కే అయి ఉండాలని, పెట్టుకోని మొక్కు చెల్లదని ఎక్కడా లేదు. డీన్ గారు సుధీంద్ర వైపు చూశారు, సుధీంద్ర తెర వైపు చూశాడు, తెర మీద గంగమ్మకు పారామీటర్ లేదు. చైర్మన్ గారికి ఫోన్ చేస్తే, దేవుడి సంగతి పెట్టుకోకండి, పక్క కాలేజీవాళ్లు టీవీకెక్కిస్తారు అన్నారట. సొరుగు తెరుచుకుంది. హాల్ టికెట్ జోషిత చేతిలో పడింది. ముసలామె దాన్ని తీసుకుని కళ్లకద్దుకుని, ఫొటో చూసి, మా పాపేనా ఇది, నిద్రలేని మొగం అంది.

మినహాయింపైతే ఇచ్చారు గాని, ఖాళీ నాలుక చూసి మిగతావాళ్లు పుడకలు పీకేసుకుంటారేమోనని డీన్ గారికి భయం. కాబట్టి పరీక్షలు అయ్యేదాకా జోషితను విడిగా ఉంచాలన్నారు. ఎక్కడ ఉంచుదాం మాస్టారూ అని నన్నడిగారు. నేను చాలాసేపు ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, సిక్ రూము ఖాళీగా ఉందండీ అన్నాను. నా సర్వీసు మొత్తంలో అంత కష్టపడి నవ్వు ఆపుకున్నది ఆ రోజే. జోషిత ఆ మధ్యాహ్నం మంచం మీద వాలింది, మర్నాడు ఎండెక్కాక లేచింది.

ఫలితాలు వచ్చాయి. బ్రాంచి ఫస్టు జోషిత. బంగారు పుడకల ఎవరెస్టు ఎవరూ ఊహించనంత కిందికి దిగింది. చైర్మన్ గారే స్వయంగా వచ్చి, కెమెరాల ముందు ఆ పిల్లకు బొకే ఇచ్చి, ఇంత విజయం ఎట్లా సాధించావమ్మా అని అడిగారు. నిద్రపోయినాను సార్ అంది. ఆ ముక్క కోసేసి మిగతాది టీవీల్లో వేయించారు. సుధీంద్ర మళ్లీ తెర పెట్టాడు. పుడక తీయగానే గీత నిక్కింది, పైగా అమ్మవారి మొక్కు తోడైంది. కాబట్టి వచ్చే ఏడాది నుంచి నాలుక మీద పుడక పూర్తిగా నిషేధం, కొత్తగా చేరే పిల్లలందరినీ బస్సుల్లో గుడికి తీసుకుపోయి మొక్కించాలి. సంస్కృతం మాస్టారు అప్పటికే శ్లోకంతో సిద్ధంగా ఉన్నారు. చదువుకునే హాలు చాలడం లేదని సిక్ రూము గోడ పగలగొట్టి అందులో కలిపేశారు. ఆ ఇనుప మంచం అడ్డంగా ఉందని బయట పారేస్తుంటే నేను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. నిద్ర బాగా పడుతోంది.

జోషిత టీసీ కోసం వచ్చింది. బెంగుళూరులో సీటొచ్చిందట. కాగితాలు తీసుకుని, నాకు దండం పెట్టి, గేటు వైపు నడిచింది. అవ్వ గేటు బయట బస్సుకోసం నిలబడి ఉంది. ఎవరో పలుకుబడి ఉన్న తల్లిదండ్రులను సాగనంపడానికి డీన్ గారు అక్కడే ఉన్నారు, నేనూ ఆయన పక్కన ఉన్నాను. గేటు దాటి నాలుగడుగులు వేశాక ఆ పిల్ల వెనక్కి తిరిగి, మా కాలేజీని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, నాలుక బారెడు చాపి వెక్కిరించింది. మధ్యలో ఎర్రరాయి తళుక్కుమంది. మొక్కు పరీక్షలయ్యేదాకే కదా, మళ్లీ కుట్టించుకున్నట్టుంది.

గోవిందస్వామి అలవాటు కొద్దీ టార్చి వేశాడు. వేసి, వదలాలా ఆపాలా అన్నట్టు మా వైపు చూశాడు. డీన్ గారు కోపంగా చెయ్యెత్తారు గాని ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. నా వైపు వంగి, "మాస్టారూ, ఇప్పుడు మన రూలేంటి? పుడక ఉండాలా, ఉండకూడదా?" అని గొంతు తగ్గించి అడిగారు.

పొద్దున నేను రాసిన సర్క్యులర్ నా జేబులోనే ఉంది. అయినా చప్పున గుర్తు రాలేదు. నేను కాగితం తీసి, మడత విప్పి, కళ్లజోడు పెట్టుకునేలోపు ఆ పిల్ల అవ్వ చెయ్యి పట్టుకుని బంగారుపాళ్యం బస్సెక్కేసింది.